మడ్‌గార్డు దాటిన చక్రాలు

కపిట్, సరావాక్
3 ఫిబ్రవరి 2002

పాక్ సు మామయ్యకి, అస్సలాము అలైకుమ్.

మన ఇంట్లో నా ఉత్తరాలు ఎవరు చదువుతున్నారో తెలియదు గానీ, చదివేవాళ్లకి చదవడం రాదు. పోయిన నెల నేను అడిగింది ఒకటే ప్రశ్న: నా కారు చక్రాలు ఎవరు మార్చారు? దానికి జవాబుగా అమ్మ ఎండుచేపల మూట, రెండు సీసాల బుదు పంపింది. "పిల్ల దూరాన ఒంటరిగా ఉండి బెంగ పెట్టుకుంది, అందుకే చీటికీ మాటికీ కసురుకుంటోంది" అని అమ్మకి మీరే చెప్పారట. తమ్ముడు రాశాడు. బుదు సీసా ఒకటి దారిలో పగిలింది. పోస్టాఫీసంతా మురగబెట్టిన చేపల కంపు. అక్కడి గుమస్తా నన్ను చూస్తే ఇప్పటికీ ముక్కు మూసుకుంటున్నాడు. నాకు బెంగ లేదు పాక్ సు. ప్రశ్న ఉంది.

ఫోన్ చేయకుండా రాస్తావేమని అడిగారు. మన ఇంట్లో ఫోన్ లేదు, మీ టైర్ల దుకాణంలో ఉంది. అక్కడ ఫోన్ ఎత్తితే గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాడు కూడా మధ్యలో దూరి సలహా ఇస్తాడు. కాగితం అడ్డు మాట్లాడదు.

కపిట్‌లో నాకు కారుతో పనిలేదు. ఊరు దాటితే నదే. బడికి నడిచి వెళ్తాను, ఊరు వదలాలంటే పడవెక్కుతాను. అందుకే టీచరు ఉద్యోగం ఇక్కడ వేసినప్పుడు నా వీరా కారు తమ్ముడు ఫౌజాన్‌కి వదిలి వచ్చాను. వాడుకోమన్నాను. రిజిస్ట్రేషనులోనూ బీమాలోనూ పేరు మాత్రం నాదే. ఆ సంగతి మన ఊరు మచాంగ్‌లో అందరూ మరిచిపోయారు, రవాణాశాఖ తప్ప. నా పేరున సమన్లు వచ్చాయి. టైర్లు మడ్‌గార్డుల్ని దాటి బయటికి ఉన్నాయట.

ఫౌజాన్ ఫోటో కూడా పంపాడు. కారుకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నౌక గెలిచి తెచ్చినవాడిలా. నాలుగు చక్రాలూ పక్కలకి పొడుచుకొచ్చి, నా కారు ఇసుకలో నడిచే పీతలా ఉంది. ఫోటో వెనక "అక్కా, ఎలా ఉంది?" అని రాశాడు. ఎలా ఉందో సమన్లలో రాశారు.

మచాంగ్‌లో అంత వెడల్పు చక్రాలు అమ్మేది మీరొక్కరే. పాతవి మళ్లీ బిగించండి. నేను అడిగేది అంతే. ఎండుచేపలు వద్దు.

మీ అక్క కూతురు,
సురియాతి


మచాంగ్, కెలంతాన్
14 ఫిబ్రవరి 2002

యాతీ, వ అలైకుముస్సలాం.

నీ ఉత్తరం అందింది. మీ అమ్మకి చదివి వినిపించాను. ఎండుచేపలు అందాయన్నంత వరకే చదివాను, మిగతాది వింటే మా అక్క బాధపడుతుంది. మీ నాన్న పోయినప్పటి నుంచీ ఈ ఇంట్లో ఎవరు ఏది వినాలో, ఏది వినకూడదో చూసుకునే బరువు నా నెత్తినే పడింది. నీకది కనపడదులే. నువ్వు చదువుకున్నదానివి.

నీ కోపం ఎందుకో నాకు తెలియకపోలేదు. తమ్ముడికి నిశ్చితార్థం కుదిరింది, అక్కకి ఇంకా కుదరలేదు, ఊళ్లో నలుగురూ నాలుగు రకాలుగా అంటారు. ఆ బాధ చక్రాల మీద పెట్టి రాస్తున్నావు. ఇన్నేళ్లు బతికాను, ఈ మాత్రం పసిగట్టలేనా? ఇక్కడ వ్యవసాయశాఖలో ఒక అబ్బాయి ఉన్నాడు. గుండ్రటి ముఖం, సిగరెట్ ముట్టడు, తల్లి మాట జవదాటడు. ఫోటో పంపమంటావా?

చక్రాలంటావా, అవును, నేనే బిగించాను. సొంత మేనల్లుడికి కాకపోతే దుకాణంలో మంచి సరుకు ఎవరికి పెడతాను? టైరు వెడల్పైతే రోడ్డుని గట్టిగా పట్టుకుంటుంది. నిశ్చితార్థానికి పిల్ల వాళ్లింటికి వెళ్తూ పీనుగు బండిలాంటి కారులో దిగితే మన పరువేం కావాలి? మడ్‌గార్డు లోపలి అంచు టైరుకి తగులుతుంటే నేనే సుత్తితో కొట్టి మడిచాను. ఆ పని ఎంత నున్నగా వచ్చిందో ఫోటోలో కనపడదు.

సమన్లు వానలాంటివి, అందరి మీదా పడతాయి. రేపు తనిఖీకి రమ్మన్నా భయం లేదు. నా దగ్గర కంపెనీ చక్రాల సెట్లు నాలుగున్నాయి. తనిఖీ రోజు పొద్దున బిగించి పంపిస్తాను, పాసై వచ్చాక విప్పేసి వెడల్పువి మళ్లీ వేస్తాను. ఈ చుట్టుపక్కల సగం కార్లు ఆ చక్రాల మీదే పాసయ్యాయి. అందరూ చేసేదే. విందు చేస్తే మసీదు నుంచి పళ్లేలు ఎరువు తెచ్చుకోమా? పళ్లెం నీది కాదని ఎవడైనా అన్నం ముందు నుంచి లేచిపోయాడా?

నీ పాత చక్రాలు కూడా ఆ సెట్లలోనే కలిపేశాను. ప్రస్తుతం ఎవరి కారు కింద ఉన్నాయో కనుక్కుని చెప్పాలి.

ఆరోగ్యం జాగ్రత్త. నది నీళ్లు కాచి తాగు.

నీ మేలు కోరే,
పాక్ సు దెరామన్


కపిట్
25 ఫిబ్రవరి 2002

పాక్ సుకి, సలాం.

వ్యవసాయశాఖ గుండ్రటి ముఖాన్ని వాళ్లమ్మ దగ్గరే ఉండనివ్వండి. నిశ్చితార్థం ఫౌజాన్‌ది, చక్రాలు నావి. ఈ రెండూ వేరు వేరు సంగతులని మచాంగ్‌లో ఒక్కరికీ తట్టకపోవడం చూస్తే, నేను అక్కడ పద్దెనిమిదేళ్లు ఎలా గడిపానా అనిపిస్తోంది.

ఇక్కడ ఒక వకీలు దగ్గర నిబంధనల పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. శని, ఆదివారాల్లో చదివేశాను. భూగోళం చెప్పుకునే టీచరుకి రెండురోజుల్లో అర్థమయ్యాయంటే మీరనుకునేంత బ్రహ్మవిద్యేమీ కాదు. టైరు ఎంత వెడల్పున్నా మడ్‌గార్డు కప్పు కిందే ఉండాలి. బయటికి వస్తే నీళ్లూ రాళ్లూ వెనక వచ్చేవాళ్ల ముఖాన కొడుతుందని. మీరు నున్నగా మడిచిన అంచు కారు ఒంటికి చేసిన మార్పు, దాన్ని ఎవరికీ చెప్పకుండా చేయడానికి లేదు. చక్రం కొలత మారితే వేగం చూపే ముల్లు కూడా అబద్ధమాడొచ్చు. టైరు పక్కన ఒక అంకె ఉంటుంది, ఎంత బరువు మోస్తుందో చెప్పేది. కారు నిండా మనుషులెక్కినా ఆ టైరు మోయగలగాలి. మీరు ఆ అంకె చూశారా, లేక మెరుపు చూశారా?

అన్నిటికంటే ముఖ్యం బీమా. మార్పు చేస్తే వాళ్లకి రాసి చెప్పాలి. చెప్పకపోతే కారు బాగుచేయించమని అడిగినా వాళ్లు కాదనొచ్చు. ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్లకి ఇవ్వాల్సింది ఇచ్చి, తర్వాత కారు ఎవరి పేరున ఉందో వాళ్ల మెడ మీద కూర్చుంటారు. ఆ మెడ నాది.

మీ పళ్లేల పోలిక చదివి నవ్వొచ్చింది. ఎరువు పళ్లెంలో తిన్నా కడుపులోకి వెళ్లేది అన్నమే. ఎరువు చక్రాల మీద పాసైన కారు మధ్యాహ్నానికి మళ్లీ ఫెయిలైన కారే. తేడా తెలియనట్టు నటిస్తున్నారా, నిజంగానే తెలియదా అన్నది ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. రెంటిలో ఏది నిజమైనా మీకు మర్యాద కాదు.

పాత చక్రాలు దొరికేదాకా కారు బయటికి తీయొద్దని ఫౌజాన్‌కి చెప్పండి. నిశ్చితార్థానికి వ్యాను మాట్లాడుకోండి.

సురియాతి


మచాంగ్
19 మార్చి 2002

యాతీ,

నిశ్చితార్థం దివ్యంగా జరిగింది. పాసిర్ పుతెహ్‌లో పిల్ల వాళ్లు పెట్టిన భోజనం చూసి తీరాల్సిందే. పిల్ల తండ్రి నా పక్కనే కూర్చుని, టైర్ల వ్యాపారం గురించి అన్నీ అడిగి తెలుసుకున్నాడు. మనం ఏడు కానుకల పళ్లేలు తీసుకెళ్తే వాళ్లు తొమ్మిది ఇచ్చారు. అమ్మ వంగపండు రంగు పట్టు కట్టుకుంది. పెళ్లి జూన్‌లో పెట్టుకున్నాం. ఫౌజాన్ అక్క ఎందుకు రాలేదని అందరూ అడిగారు. దానికి తమ్ముడంటే ప్రాణం, సెలవు దొరకలేదు అని చెప్పాను.

వెళ్లేటప్పుడు ఒక చిన్న సంగతి జరిగింది. నీ వరకూ వేరే దారిన వస్తే గోరంతని కొండంత చేసుకుంటావని నేనే రాస్తున్నాను. వ్యాను దొరకలేదు. అందరం నీ కారులోనే వెళ్లాం. ఫౌజాన్, నేను, అమ్మ, పిన్నమ్మలిద్దరు, పళ్లేలు, డిక్కీలో బియ్యం బస్తా. రబ్బరు తోట మలుపులో ముందు కుడి టైరు పేలింది. కారు కాస్త పక్కకి లాగేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. అంటే మనవాళ్లకి.

అన్నం పొట్లాలమ్మే మెక్ సోమ్ లేదూ, ఆవిడ మోపెడ్ మీద ఎదురొచ్చింది. కాలు విరిగింది. మన తప్పేం లేదు, ఆవిడే ఆ సమయానికి అక్కడుంది. అమ్మ ఆస్పత్రికి వెళ్లి నారింజలు, బిస్కెట్లు ఇచ్చి వచ్చింది. మెక్ సోమ్ కూడా అంతా రాసిపెట్టి ఉంది అంటోంది. మంచి మనిషి. అల్లా మీద అలాంటి ఈమాన్, అంత నమ్మకం ఇప్పుడెవరిలో ఉంది?

బీమా మనిషి కారు చూడ్డానికి వస్తున్నాడని తెలిసి, ముందే కంపెనీ చక్రాలు బిగించేశాను. నా సెట్లన్నీ బయట కార్ల కింద ఉంటే, హాజీ మామత్ కారు నుంచి అడిగి తెచ్చాను. అంతా సవ్యంగా ఉంది గానీ ఒక్క చిక్కొచ్చింది. టైరు పేలిందని ఫౌజాన్ పోలీసులకి రాసిచ్చాడు. బీమా మనిషి కారు చుట్టూ తిరిగి, కిందికి వంగి చూసి, "నాలుగూ బాగానే ఉన్నాయిగా, పేలిందేది?" అన్నాడు. నేను తడబడే మనిషినా? "అది షెడ్డులో ఉంది, తమరు టీ తాగండి" అని కూర్చోబెట్టి, లోపలికి వెళ్లి హాజీ స్పేర్ టైరుని ఉలితో కోసి తెచ్చి చూపించాను. హాజీ ఇప్పుడు నాతో మాట్లాడ్డం లేదు. ఆయనకి కొత్తది ఇవ్వాలి. కుటుంబం కోసం ఇలాంటివి ఎన్ని మోస్తున్నానో నీకెవరు చెబుతారు?

కారు నీ పేరున ఉంది కాబట్టి నీ వాంగ్మూలం కావాలన్నారు. కారుకి ఏ మార్పూ చేయలేదు, కంపెనీ చక్రాలే, రోడ్డు మీద మేకు గుచ్చుకుని పేలింది అని. టైపు చేయించి పంపుతాను. నువ్వు ఊరికే సంతకం పెట్టడమే.

పాక్ సు


కపిట్
30 మార్చి 2002

పాక్ సుకి,

"ఆవిడే ఆ సమయానికి అక్కడుంది" అని రాశారు. ప్రతి ఉదయం ఆ రోడ్డు మీద అన్నం పొట్లాలు అమ్ముతూ ఊరందరి కడుపూ నింపే మనిషి ఆ రోడ్డు మీద ఉండటం మీకు వింతగా తోచింది. మీరు ఉలితో షెడ్డులో ఉండటం మాత్రం సహజం.

మీకు టైర్లు ముప్ఫై ఏళ్లుగా అన్నం పెడుతున్నాయి. పరిగెడుతూ పేలిన టైరు, ఉలితో కోసిన టైరు ఒకేలా ఉంటాయని మీరొక్కరే నమ్ముతారు. ఆ బీమా మనిషి టీ తాగి వెళ్లాడంటే మీ తెలివికి మెచ్చి అనుకోకండి.

జరిగింది ఏమిటో ఇక్కడ నది ఒడ్డున కూర్చున్న నాకే తెలుస్తోంది. ఐదుగురు మనుషులు, బియ్యం బస్తా ఎక్కేసరికి కారు కిందికి కుంగింది. మీరు నున్నగా మడిచిన అంచు ప్రతి గతుకు దగ్గరా టైరుని కోస్తూ వచ్చింది. మలుపులో పని పూర్తి చేసింది. మేకు ఎక్కడా లేదు. ఉంటే మీ తలలో ఉంది.

మీరు ఆలోచించరు కాబట్టి ఈ ఒక్కటి నేను చెబుతాను. మేకు గుచ్చుకుంది, అంతా రాసిపెట్టి ఉంది అంటే మెక్ సోమ్‌కి దక్కేది మీ నారింజలు. చక్రాలు చట్టం దాటి ఉన్నాయని తేలితే ఆమె కాలికి బీమా కంపెనీ జవాబు చెప్పాలి. ఆ కాలితో మోపెడ్ తొక్కలేకపోతే ఆ ఇల్లు ఎలా గడుస్తుంది? ఈ రెంటికీ మధ్య అడ్డం ఉన్నది నా వాంగ్మూలం.

మెక్ సోమ్ కాలు ఎలా ఉందో, డాక్టరు ఏమన్నాడో రాయండి. పిల్ల వాళ్ల భోజనం గురించి వద్దు. జరిగింది జరిగినట్టు టైపు చేయించి పంపండి, సంతకం పెడతాను.

సురియాతి


మచాంగ్
11 ఏప్రిల్ 2002

అమ్మా యాతీ,

నీ ఉత్తరం చూసి మనసు తేలికపడింది. "సంతకం పెడతాను" అన్న మాట అమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. ఆ ముక్కే చదివాను, అది చాలు. అమ్మ ఏడ్చింది. "నా కూతురు నోటికే గట్టిది, మనసు వెన్న" అంది. నేను మొదటి నుంచీ అదే చెబుతున్నాను. ఫౌజాన్ అయితే చిన్నపిల్లాడిలా గంతులేశాడు. బీమా మనిషికి కూడా చెప్పేశాను, ఓనరమ్మ ఒప్పుకుంది, కాగితం వచ్చేవారం మీ చేతిలో పెడతాను అని.

నువ్వన్నట్టే, జరిగింది జరిగినట్టే రాయించాను. టైరు పేలిందా, పేలింది. కారు కింద ఉన్నవి కంపెనీ చక్రాలేనా, నువ్వొచ్చి చూసుకో, ఇప్పుడున్నవి అవే. ఇందులో అబద్ధం ఎక్కడుంది? మేకు సంగతి అల్లాకే తెలియాలి, లేదని నువ్వు ప్రమాణం చేయగలవా?

ఒక మాట చెవిన వేస్తాను, అమ్మకి చెప్పొద్దు. పిల్ల తండ్రికి కేసులంటే పడదు. ఫౌజాన్ మీద కేసు పడితే ఇచ్చిన తొమ్మిది పళ్లేలూ వెనక్కి అడిగే రకం. తమ్ముడి పెళ్లి నీ చేతిలో ఉంది. ఇంతకంటే నేను చెప్పక్కర్లేదు, చదువుకున్నదానివి.

మెక్ సోమ్ ఇంటికి వచ్చేసింది. ఒక కాలు కాస్త పొట్టిదవుతుందట, అంతే. మోపెడ్ ఇక తొక్కలేదు గానీ కూతురు బడి మానేసి పొట్లాలు అమ్ముతోంది, హుషారైన పిల్ల. నేను రోజూ రెండు పొట్లాలు కొంటున్నాను. రుచి మునుపటిలా లేదు, అయినా కొంటున్నాను.

వ్యవసాయశాఖ అబ్బాయికి నీ ఫోటో చూపించాను. కళ్లు బాగున్నాయన్నాడు. కాగితం ఇందులోనే పెట్టాను, కింద చుక్కల గీత మీద సంతకం.

సంతోషంతో,
పాక్ సు దెరామన్


కపిట్
22 ఏప్రిల్ 2002

పాక్ సుకి,

కాగితం అందింది. టైపు చేసినవాడు "చక్రములు యథాతథముగా నున్నవి" అని రాశాడు. అంత పాత భాష ఎక్కడ పట్టుకొచ్చారు? అబద్ధానికి పట్టుచీర కడితే పెద్దరికం వస్తుందనుకున్నారు కాబోలు.

నేను రాసిన వాక్యంలో ముందు మాటలన్నీ వదిలేసి చివరి మాట ఒక్కటి ఇంటిల్లిపాదికీ చదివి వినిపించారు. అమ్మ ఏడ్చింది దానికే. ఇకమీదట అమ్మకి నేనే విడిగా రాస్తాను. పక్కింటి రోస్నీ చదివి పెడుతుంది. రోస్నీకి ఏ ముక్క నచ్చకపోయినా పూర్తిగా చదివే అలవాటుంది.

తమ్ముడి పెళ్లి నా చేతిలో లేదు. అది ఫౌజాన్ చేతిలో ఉంది, వాడి చెయ్యి స్టీరింగు మీద ఉంది, స్టీరింగు కింద మీ చక్రాలున్నాయి. నిజం తెలిసి పళ్లేలు వెనక్కి అడిగే మామ అయితే, ఆ పళ్లేలు ఇప్పుడే ఇచ్చేయడం నయం. ఫౌజాన్ గంతులేశాడన్నారు. మెక్ సోమ్ గుమ్మం ముందు కూడా వేస్తాడేమో అడిగి చూడండి. ఆ పిల్ల బడి మానేసిందని హుషారుగా రాశారు. నేను బడిలో పనిచేస్తాను పాక్ సు. బడి మానేసిన పిల్లలు హుషారుగా ఎందుకు కనిపిస్తారో నాకు తెలుసు. ఇంట్లో ఎవరో ఒకరు అలా కనిపించాలి కాబట్టి.

నిన్న బీమా కంపెనీకీ, మచాంగ్ పోలీసు స్టేషనుకీ విడివిడిగా ఉత్తరాలు పోస్టు చేశాను. ప్రమాదం నాటికి కారుకి ఉన్నవి మడ్‌గార్డు దాటిన వెడల్పు చక్రాలని, వాటికోసం అంచు మడిచారని, ఆ మార్పు బీమాకి చెప్పలేదని, తర్వాత చూపించిన చక్రాలూ కోసిన టైరూ వేరే కారువని రాశాను. బిగించింది ఎవరో, కోసింది ఎవరో రాశాను. సమన్ల నకలూ ఫౌజాన్ ఫోటోకి నకలూ జత చేశాను. ఇవన్నీ మరో సెట్టు మెక్ సోమ్ కూతురికి పంపాను, ఏ ఆఫీసుకి వెళ్లి ఏం అడగాలో కూడా రాసి.

కంపెనీ ఆమెకి ఇచ్చింది నా దగ్గర వసూలు చేస్తే చేసుకుంటుంది. కారు నా పేరున ఉంది.

ఫౌజాన్ ఇక ఆ కారు నడపడానికి వీల్లేదు. తాళాలు రోస్నీ తండ్రికి ఇవ్వమనండి. కేసు తేలాక అమ్మేస్తాను.

మీ కాగితం దీనితోనే తిప్పి పంపుతున్నాను. సంతకం పెట్టలేదు. పెట్టను.

సురియాతి